చేపల కోటా బేరంతో తేలే అంకె కాదు

సంపాదకులకు నమస్కారం.

సముద్రపు వేట గురించి వచ్చే వార్తల్లో ఒక మాట తరచూ కనబడుతుంది: "ఈ ఏడాది పట్టుబడి తగ్గలేదు కాబట్టి నిల్వలకు ఢోకా లేదు." చేపల నిల్వలను లెక్కగట్టే పని తెలిసినవాళ్లుగా ఈ మాటకు అభ్యంతరం చెప్పక తప్పడం లేదు. పట్టుబడి అంటే రేవుకు వచ్చిన చేప, నిల్వ అంటే నీళ్లలో మిగిలిన చేప. గాదెలోంచి రోజూ కుంచెడు తీయగలుగుతున్నాం కనుక గాదె నిండుగానే ఉందనుకుంటే, అడుగు తగిలిన రోజున గానీ సంగతి తెలియదు.

కెనడా తూర్పున న్యూఫౌండ్‌లాండ్ దగ్గరి కాడ్ చేపల విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. 1968లో అక్కడ అన్ని దేశాల ఓడలూ కలిసి 8 లక్షల టన్నులకు పైగా పట్టాయి. తర్వాతి కాలంలో నిల్వ కరిగిపోతూ వచ్చినా, 1980లలో పెద్ద ట్రాలర్ల వలల్లో గంటకు పడే చేప మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. దానికి కారణం చేప నడతలోనే ఉంది. సంఖ్య తగ్గేకొద్దీ కాడ్‌లు సముద్రమంతా పలచగా చెదిరిపోవు, తమకు అనువైన కొన్ని చోట్లకు చేరి దగ్గరదగ్గరగా మసలుతాయి. ఆ చోట్లు కెప్టెన్‌కు తెలుసు, పైగా ఓడలో శబ్దంతో చేపల గుంపులను పసిగట్టే సోనార్ ఉంది. చివరి గుంపు మీద వేసిన వల కూడా నిండుగానే పైకొస్తుంది. ప్రభుత్వ సర్వే ఓడల లెక్క తక్కువ చూపిస్తుంటే, వాణిజ్య ఓడల లెక్క ఎక్కువ చూపించింది. రెండింటినీ కలిపి మధ్యస్థంగా ఒక అంచనా వేసుకున్నారు. 1989లో శాస్త్రజ్ఞులు తమ అంచనా తప్పిందని గుర్తించి, ఏటి వేట 1,25,000 టన్నులకు దిగాలన్నారు. ఖరారైన కోటా, అంటే ఆ ఏడాది పట్టనిచ్చే పరిమితి, 2,35,000 టన్నులు. 1992 జులై 2న వేట ఆపేయాల్సి వచ్చింది. సుమారు 30 వేల మంది బతుకుదెరువు పోయింది. రెండేళ్లకని చెప్పిన ఆ నిషేధాన్ని ఎత్తేసింది 2024లో, అదీ 18 వేల టన్నుల కోటాతో.

కోటా ఎలా పెట్టాలన్న ప్రశ్నకు జవాబు ఈ కథలోనే చాలావరకు ఉంది. అందులో మొట్టమొదటిది, టన్నుల్లో ఒక అంకె రాసుకుని ఏళ్ల తరబడి దాన్నే పట్టుకు వేలాడకూడదన్నది. ఎందుకో చిన్న లెక్క వేసి చూపిస్తాం, కాగితం పెన్సిలు ఉంటే ఎవరైనా సరిచూసుకోవచ్చు.

వేటే లేనప్పుడు ఒక సముద్ర భాగం 1,00,000 టన్నుల చేపను మోయగలదనుకుందాం. చేపలు పలచగా ఉన్నప్పుడు ఏడాదికి 40 శాతం చొప్పున పెరుగుతాయి, నిల్వ నిండేకొద్దీ తిండికీ చోటుకీ పోటీ పెరిగి ఆ రేటు తగ్గుతుంది. ఈ లెక్కన నిల్వ సగంలో, అంటే 50,000 టన్నుల దగ్గర ఉన్నప్పుడు ఏటా వచ్చే పెరుగుదల అత్యధికం: 10,000 టన్నులు. ఏటా అంతే తీస్తే నిల్వ కదలదు. శాస్త్రజ్ఞులు గరిష్ఠ సుస్థిర పట్టుబడి అనేది దీన్నే. ఇప్పుడు, సర్వే పొరపాటు వల్లనో రెండు మూడేళ్లు గుడ్లు సరిగా బతకకపోవడం వల్లనో నిల్వ నిజానికి 35,000 టన్నులే ఉందనుకోండి. ఆ స్థాయిలో పెరుగుదల 9,100 టన్నులు. కోటా మాత్రం అదే 10,000. మొదటి ఏడు తరుగు 900 టన్నులే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. నిల్వ తగ్గింది గనుక మరుసటి ఏడు పెరుగుదల ఇంకాస్త తగ్గుతుంది, తరుగు 1,000 దాటుతుంది. అయిదో ఏటికి నిల్వ సుమారు 29,000, తొమ్మిదో ఏటికి 20,000, పన్నెండో ఏటికి 6,000. పదమూడో ఏడు ఉన్న చేపనంతా ఊడ్చినా కోటా నిండదు. అంటే పన్నెండేళ్లూ పట్టుబడి "తగ్గలేదు" అనే వార్త నిజంగానే వస్తుంది.

అదే నిల్వను ఏటా కొలిచి, ఉన్నదాంట్లో 20 శాతమే తీశారనుకోండి. మొదటి ఏడు 7,000 టన్నులు. నిల్వ 37,100కు పెరుగుతుంది, తర్వాత 39,000, అయిదో ఏటికి 43,500 దాటుతుంది, మెల్లగా 50,000 వైపు నడుస్తుంది. మొదటి ఏడు వదులుకున్నది 3,000 టన్నులు. రెండు దారుల మధ్య తేడా అంతా నిల్వ తగ్గితే కోటా దానంతటదే తగ్గే ఏర్పాటు ఉందా లేదా అన్నదే.

గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి. గరిష్ఠ పట్టుబడిని గమ్యంగా పెట్టుకోవడం కొండ అంచున నడవడం లాంటిది. కొలతలో 20, 30 శాతం అటూ ఇటూ కావడం ఈ పనిలో మామూలే కనుక, కోటా ఆ శిఖరానికి కిందే ఉండాలి. అమెరికా చట్టంలో ఈ మెట్లు విడివిడిగా రాసి ఉన్నాయి. ఇంతకు మించితే అతివేట అనే హద్దు పైన ఉంటుంది. కొలతలోని అనిశ్చితిని తీసేసి శాస్త్రీయ కమిటీ చెప్పే అంకె దాని కింద, వార్షిక కోటా ఆ అంకెను మించకుండా ఉంటుంది. 2006 సవరణతో, అతివేటకు గురైన జాతులకు 2010 నుంచి, మిగతావాటికి 2011 నుంచి ఇది తప్పనిసరైంది. ప్రాంతీయ కౌన్సిళ్లలో వేట ప్రతినిధులు కూర్చుంటారు, వాదిస్తారు, కోటాను ఇంకా తగ్గించనూ వచ్చు. కమిటీ అంకెను దాటే వీలు మాత్రం వాళ్లకు లేదు. మా దృష్టిలో ఆ చట్టంలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే.

ఇక కొలత. నీళ్లలో చేపను లెక్కపెట్టడం ఎలా సాధ్యమని చాలామందికి అనుమానం. సర్వే ఓడ చేప ఉన్న చోటు వెతుక్కుంటూ వెళ్లదు. లోతును బట్టి సముద్రాన్ని భాగాలు చేసి, ఒక్కో భాగంలో చీటీ తీసినట్టు ఎంపికైన చోట్ల వల వేస్తుంది. ఏటా అదే కాలం, అదే వల, అదే వేగం. లాగే సమయమూ అంతే, సాధారణంగా అరగంట. చాలాసార్లు వల దాదాపు ఖాళీగా వస్తుంది. ఖాళీ వలనూ రాసుకోవాలి, ఎందుకంటే వాణిజ్య ఓడ లెక్కలో ఎప్పటికీ కనబడనిది అదే. వల కన్ను మార్చినా, ఓడ మార్చినా పాత లెక్కతో పొంతన తెగిపోతుంది. అందుకే కొత్త ఓడనూ పాత ఓడనూ పక్కపక్కన నడిపి, ఒకే చోట వలలు లాగి, రెంటి మధ్య నిష్పత్తి తేల్చుకోవాలి. ఖర్చు మిగులుతుందని ఈ పని ఎగ్గొడితే ఆ తర్వాతి పదేళ్ల అంకెలు దేనితోనూ పోల్చడానికి పనికిరావు.

చిన్న తప్పు ఎంత దూరం వెళ్తుందో చూడండి. 2002లో అమెరికా ఈశాన్య తీరపు సర్వే ఓడ మీద వలను లాగే రెండు ఉక్కు తాళ్ల కొలత గుర్తులు ఒకదానితో ఒకటి సరిపోలడం లేదని బయటపడింది. ఒక తాడు కాస్త పొడుగు, ఒకటి పొట్టి, వల వంకరగా నడిచింది. అంచనాల మీద దాని ప్రభావం పెద్దది కాదని తర్వాతి పరిశీలనల్లో తేలినా, వేటగాళ్ల నమ్మకం మాత్రం అంత తేలిగ్గా తిరిగి రాలేదు. అప్పటి నుంచి సర్వే వల రూపకల్పనలో వాళ్లను కూడా కూర్చోబెట్టారు. మొదటి రోజు నుంచే అలా చేయాల్సిందని మేం నమ్ముతాం.

గుంపులుగా నీటి నడుమ తిరిగే నెత్తళ్లు, హెరింగ్ లాంటి చేపలకు శబ్ద తరంగాలతో కొలత. వచ్చిన ప్రతిధ్వని ఏ చేపది, ఆ చేప ఎంత పొడవన్నది తెలియకుండా బరువుగా మార్చలేం కనుక మధ్యమధ్యలో వల దించి నమూనా తీస్తారు.

చేప వయసు చెప్పేవి చెవి రాళ్లు. తల లోపల, మెదడు కింద ఉండే జత సున్నపు రాళ్లు ఇవి. కాడ్‌ చెవి రాయిని అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే చెట్టు మానులోలా వలయాలు కనిపిస్తాయి. ఎదుగుదల బాగున్న నెలల్లో వెడల్పైన పట్టీ, చలి నెలల్లో సన్నని పట్టీ, జత కలిస్తే ఒక ఏడు. చదివేవాళ్లు ఒక వలయాన్ని వదిలేస్తే చేప నిజం కన్నా వేగంగా ఎదుగుతోందని లెక్క వస్తుంది, కోటా పెరుగుతుంది. అందుకే ఒకే రాయిని ఇద్దరు విడివిడిగా చదివి సరిపోల్చుకోవాలి. లోతు నీళ్లలో ఉండే ఆరెంజ్ రఫీ చేపకు న్యూజిలాండ్ పక్కన మొదట్లో ఉదారంగా కోటాలిచ్చారు. అది వందేళ్లకు పైగా బతుకుతుందని, ఈడుకు రావడానికే 30 ఏళ్ల దాకా పడుతుందని తెలిసేసరికి చాలా గుంపులు పోయాయి. అంత నెమ్మదిగా ఎదిగే చేప మీద ఏటా తీయగలిగే వాటా నూటికి కొద్ది పాళ్లే.

వేట లేకపోయినా చేపలు చస్తాయి, వ్యాధితోనో, పెద్ద చేప నోట పడో. కాడ్ లెక్కల్లో చాలాకాలం దీన్ని 0.2 అని పెట్టుకున్నారు, అంటే ఏడాదికి నూటికి దాదాపు 18. ఇది కొలిచి తెచ్చిన అంకె కన్నా ఒప్పుకున్న అంకె. అసలు చావులు అంతకన్నా ఎక్కువైన ఏళ్లలో కోటా ఎంత జాగ్రత్తగా పెట్టినా నిల్వ కోలుకోదు. అలస్కా పక్కన బేరింగ్ సముద్రంలో 2018, 2021 మధ్య వెయ్యి కోట్లకు పైగా మంచు పీతలు మాయమయ్యాయి. సముద్రం వేడెక్కడంతో వాటికి తిండి అవసరం పెరిగి, ఆకలితో చచ్చాయని 2023లో వచ్చిన పరిశోధన తేల్చింది. 2022లో ఆ వేట మూసేశారు. వేట కారణం కాకపోయినా కోత వేట మీదే పడుతుంది, ఎందుకంటే మన చేతిలో ఉన్న మీట అదొక్కటే. మత్స్యకారులకు ఇది అన్యాయంగా తోస్తుందని మాకు తెలుసు. అలాంటి ఏళ్లకు నష్టపరిహారం ముందే ఏర్పాటు చేసి ఉండాలనడం కూడా అందుకే.

కొలత చేతికి వచ్చాక ఏం చేయాలన్నది ఆ రోజు కూర్చుని తేల్చే విషయం కాకూడదు. నిల్వ ఏ స్థితిలో ఉంటే ఎంత పట్టాలో నిల్వ బాగున్న రోజుల్లోనే రాసుకోవాలి. అమెరికా పసిఫిక్ తీరంలో సముద్రపు అడుగున తిరిగే చేపలకు 40-10 అనే సూత్రం ఉంది. వేట లేనప్పుడు ఉండే తల్లి చేపల బరువును 100 అనుకుంటే, అది 40కి తగ్గేదాకా పూర్తి పట్టుబడి. అక్కడి నుంచి కిందికి దిగేకొద్దీ పట్టుబడి తగ్గుతూ వచ్చి 10 దగ్గర సున్నా అవుతుంది. తొందరగా కోసిన చిన్న కోత ఎంత మేలో ఉత్తర సముద్రపు హెరింగ్ చెబుతుంది. 1977లో ఆ నిల్వ కుప్పకూలాక కొన్నేళ్లపాటు వేట మూసేశారు. 1996లో మళ్లీ తగ్గుదల కనబడింది. ఈసారి ఏడాది ముగిసేదాకా ఆగకుండా మధ్యలోనే కోటాను సగానికి కోశారు. నిల్వ కోలుకుంది, వేట మూయాల్సిన పని పడలేదు.

సర్వే ఓడలూ చెవి రాళ్ల ప్రయోగశాలలూ లేని చోట ఏం చేయాలి? ప్రపంచంలో ఎక్కువ చేపల నిల్వల పరిస్థితి ఇదే, లెక్కలు లేవు కనుక కోటా వద్దనడం మాత్రం సమాధానం కాదు. ఒకే పద్ధతిలో అయిదేళ్లు సేకరించిన చిన్న సూచీ ఉన్నా చాలు. ఐరోపాలో సముద్ర పరిశోధన మండలి ఐసీఈఎస్ చాలా ఏళ్లు వాడిన పద్ధతి ఇది. గంటకు పడిన కిలోలు వరుసగా 80, 76, 72, 60, 54 అనుకోండి. చివరి రెండేళ్ల సగటు 57, ముందు మూడేళ్ల సగటు 76. నిష్పత్తి 0.75. ఒకే ఏడాది 20 శాతం మించి మారకూడదని హద్దు పెట్టుకుంటే 0.80. పోయిన ఏటి సలహా 1,000 టన్నులైతే ఈసారి 800. నిల్వ అసలు స్థితి ఏమిటో తెలియదు గనుక జాగ్రత్త కోసం ఒకసారి ఇంకో 20 శాతం కోసేవారు, 640. ఇది మొరటు పద్ధతే, లోపాలు బయటపడి తర్వాత దాన్ని మెరుగుపరిచారు కూడా. అయినా లెక్కే లేకపోవడం కన్నా వందరెట్లు నయం. సూచీ మాత్రం వేట ఓడలది కాకుండా సర్వేది కావాలి, ఎందుకో న్యూఫౌండ్‌లాండ్ చెప్పింది.

కోటా పెట్టాక అది ఎక్కడ కారిపోతుందో ఇప్పుడు చెప్పాలి, ఎందుకంటే కాగితం మీద బాగున్న కోటాలు చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి. కోటా లెక్కించాల్సింది చంపిన చేపను. లెక్కిస్తున్నది రేవులో దిగిన చేపను. ఓడ నిండేలోగా పెద్ద చేప దొరికితే, ముందు పట్టిన చిన్నవాటిని నీళ్లలోకి నెట్టేస్తారు. పెద్దదానికే ధర, కోటా ఏమో కిలోల్లో. నెట్టేసిన చేప బతుకుతుందన్న భ్రమ వద్దు. లోతునుంచి వేగంగా పైకి లాగినప్పుడు లోపలి గాలి తిత్తి ఉబ్బి, పొట్ట సంచి నోట్లోకి వస్తుంది. నార్వే 1987లో కాడ్, హాడక్ చేపలను పారవేయడాన్ని నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2015, 2019 మధ్య దశలవారీగా, కోటా ఉన్న చేపనంతా ఒడ్డుకు తేవాలనే నియమం తెచ్చింది. ఓడ మీద పరిశీలకుడో కెమెరానో లేకుండా ఈ నియమం కాగితానికే పరిమితమవుతుంది. అలస్కా పక్కన బేరింగ్ సముద్రంలో పొలాక్ చేపలు పట్టే ఓడల మీద పరిశీలకుడో కెమెరానో తప్పనిసరి, పెద్ద ప్రాసెసింగ్ ఓడల్లో ఇద్దరు పరిశీలకులు.

తూకంలోనూ చిల్లులుంటాయి. ఓడలోనే తల, పేగులు తీసేసిన కాడ్‌ను నిండు చేప బరువులోకి మార్చడానికి దాదాపు ఒకటిన్నరతో గుణించాలి. రేవులో ఆ గుణకం తప్పుగా వేస్తే, ఐసు బరువని ఎక్కువ తీసేస్తే, ఒక్క సంతకంతో టన్నులు మాయమవుతాయి. దాటిన కోటాను మరుసటి ఏటి కోటాలోంచి కిలోకు కిలో తీసేయాలి. మిగిలితే కొంత భాగమే ముందుకు పోనివ్వాలి.

ఒకే వలలో నాలుగు జాతులు పడే చోట చిక్కు ఇంకా పెద్దది. హాడక్ కోటా సగం మిగిలి ఉండగానే కాడ్ కోటా అయిపోతే, నియమం ప్రకారం ఓడ ఆగాలి. ఆగదు. కాడ్‌ను పారేస్తూ హాడక్ పడుతుంది. దీనికి బలహీనమైన జాతి ఏదో చూసి దాన్ని బట్టి మొత్తం వేటను కట్టడి చేయడం ఒక దారి. అది కఠినమైనదే. పెద్ద కన్ను వలలు, చేప తప్పించుకునే కిటికీలు, ఓడల మధ్య కోటా అద్దెకు ఇచ్చుకునే వీలు కలిస్తే ఆ కాఠిన్యం కొంత తగ్గుతుంది. ఒక్కదానితో పని జరగదు.

మొత్తం కోటా ఒకటే పెట్టి ఎవరు ముందు పడితే వారిదేనంటే ఏమవుతుందో అలస్కా హాలిబట్ వేటలో తేలింది. 1990ల మొదట్లో సీజన్ 24 గంటల చొప్పున రెండు మూడు విడతలకు కుదించుకుపోయింది. తుఫాను ఉన్నా ఆ రోజే వెళ్లాలి. పడవలు మోయలేనంత నింపారు, గాలాల తాళ్లు కోసి వదిలేశారు, వదిలేసినవి అడుగున చేపను చంపుతూనే ఉన్నాయి. 1995లో ఒక్కొక్కరికి విడివిడి వాటా ఇచ్చాక సీజన్ దాదాపు 8 నెలలకు విస్తరించింది. కాకపోతే అమ్ముకోగల వాటాలు కాలక్రమంలో డబ్బున్నవాళ్ల చేతికి చేరతాయి. ఒక్కరి దగ్గర ఎంత ఉండవచ్చో పరిమితి, చిన్న పడవలకూ తీర పల్లెలకూ విడిగా కేటాయింపు మొదటి రోజే రాయాలి. బేరింగ్ సముద్రపు పొలాక్‌లో 10 శాతం తీర పల్లెల సంఘాలకు పోతుంది. వాటాలు పంచేశాక ఇలాంటి షరతు చేర్చడం దాదాపు అసాధ్యం.

అంకెను బేరానికి పెడితే ఏమవుతుందన్నదానికి అట్లాంటిక్ బ్లూఫిన్ ట్యూనా సాక్ష్యం. తూర్పు భాగానికి 15,000 టన్నులు మించవద్దని శాస్త్రజ్ఞులు చెబితే, 2006లో దేశాలన్నీ కూర్చుని 29,500కు ఒప్పుకున్నాయి. నిజంగా పట్టింది 50 వేల టన్నుల పైమాటేనని అంచనా. ఎంతో రభస తర్వాత 2011కు 12,900కు దించారు, పట్టిన ప్రతి చేపకూ పత్రాలు తప్పనిసరి చేసి గట్టిగా అమలు చేశారు. చేప తిరిగి వచ్చింది. 2022లో సూచీలను బట్టి కోటా దానంతటదే తేలే పద్ధతికి మారారు, 2023 నుంచి 2025 దాకా ఏటా 40,570 టన్నులు. తగ్గించుకున్నవాళ్లకే ఇప్పుడు ఎక్కువ దొరుకుతోంది.

పెరూ నెత్తళ్ల వేట నుంచి నేర్చుకోదగ్గది వేగం. 1970లో కోటీ 20 లక్షల టన్నులు దాటిన పట్టుబడి, 1972 ఎల్‌నినోతో అతివేట కలిసిరాగా 1973కల్లా 20 లక్షల టన్నుల ప్రాంతానికి పడిపోయింది. ఇప్పుడు అక్కడ ప్రతి సీజన్‌కూ ముందు సర్వే జరుగుతుంది. 12 సెంటీమీటర్ల లోపు చేప సంఖ్యలో 10 శాతం మించకూడదు. 2023లో పిల్ల చేపలే ఎక్కువ కనబడడంతో ప్రధాన ప్రాంతంలో మొదటి సీజన్‌ను పూర్తిగా రద్దు చేశారు.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. పట్టుబడి టన్నుల వార్త వేసినప్పుడు దాని పక్కన మరో మూడు అంకెలు అడిగి వేయండి: స్వతంత్ర సర్వే సూచీ గత అయిదేళ్లలో ఎలా నడిచింది, పట్టిన వాటిలో ఈడుకు రాని చేప నూటికి ఎంత, శాస్త్రజ్ఞులు చెప్పిన కోటాకూ ఖరారైన కోటాకూ తేడా ఎంత. అధికారులు ఆ అంకెలు ఇవ్వలేకపోతే, ఇవ్వలేదన్న సంగతినే వార్తలో రాయండి.

ఇట్లు,
చేపల నిల్వల అంచనా పనిలో ఉన్న కొందరం